క్లీన్‌రూమ్ లేని కళాశాలలో మైక్రోఫ్లూయిడిక్స్: దేనితో మొదలుపెట్టాలి, ఎంతవరకు నమ్మాలి

నల్గొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో బయోటెక్నాలజీ బోధిస్తున్నానని, ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని, ఓవెన్, హాట్ ప్లేట్, చిన్న సెంట్రిఫ్యూజ్ తప్ప మరేమీ లేవని, ఈ కాస్త సామగ్రితో విద్యార్థుల చేత మైక్రోఫ్లూయిడిక్ పరికరాలు, అంటే సన్నని కాలువల్లో కొద్దిపాటి ద్రవాన్ని నడిపించే పరికరాలు, చేయించగలనా అని మీరు అడిగారు. దానితోపాటు పీడీఎంఎస్ అనే రబ్బరులాంటి సిలికోన్ కొనాలా, కాగితంతో సరిపెట్టుకోవాలా అని, తయారైన పరికరాన్ని దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వాడించవచ్చా అని కూడా అడిగారు. నేను పదహారేళ్లుగా కాగితపు పరీక్షా పట్టీల రూపకల్పనలో పనిచేస్తున్నాను. మొదటి ప్రశ్నకు నా సమాధానం తప్పక చేయించగలరని. పరికరం చేయడం కన్నా, అదే పరికరాన్ని వందసార్లు చేసినప్పుడు వందసార్లూ ఒకే ఫలితం రాబట్టడం చాలా కష్టమని కూడా ఇప్పుడే చెప్పాలి, ఎందుకంటే మీ మూడవ ప్రశ్నకు సమాధానం పూర్తిగా దానిమీదే ఆధారపడి ఉంది.

ముందుగా నీరు సన్నని దారిలో ఎలా నడుస్తుందో విద్యార్థులు కళ్లారా చూడాలి. గాజు పలకమీద రెండువైపులా అంటుకునే టేపును అతికించి, అందులో వై ఆకారపు కాలువను బ్లేడుతో కోసి, పైన రంధ్రాలు చేసిన ఓహెచ్‌పీ షీటును, అంటే పారదర్శక ప్లాస్టిక్ షీటును, మూయండి. టేపు మందమే కాలువ లోతు అవుతుంది. వై ఆకారపు ఒక కొమ్మలోకి నీలం రంగు నీటిని, మరో కొమ్మలోకి పసుపు రంగు నీటిని పంపండి. పంపు కొననవసరం లేదు, ఆసుపత్రిలో వాడే సెలైన్ సెట్టు గొట్టాలు, ఎత్తున నిలిపిన రెండు సిరంజిలు చాలు. ద్రవమట్టాన్ని 10 సెంటీమీటర్ల ఎత్తున ఉంచితే సుమారు 980 పాస్కళ్ల ఒత్తిడి వస్తుంది. కాలువ వెడల్పు 1 మిల్లీమీటరు, లోతు 100 మైక్రోమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు అనుకుంటే, గొట్టాల నిరోధం స్వల్పం కనుక నిమిషానికి రమారమి 150 మైక్రోలీటర్లు ప్రవహిస్తాయి.

రెండు రంగులూ కలిసే చోట విద్యార్థులు ఆకుపచ్చని ఆశిస్తారు. కనిపించేది మాత్రం కాలువ చివరిదాకా పక్కపక్కనే సాగే నీలం, పసుపు చారలు. ఇంత సన్నని దారిలో సుడులు పుట్టవు. ద్రవం పొరలు పొరలుగా నడుస్తుంది, ఒక పొరలోని పదార్థం పక్క పొరలోకి చేరాలంటే అణువులు తమంతట తాము పక్కకు వ్యాపించడం, అంటే విసరణ, ఒక్కటే మార్గం. పై లెక్క ప్రకారం నీరు కాలువ దాటడానికి సెకనుకన్నా కాస్త ఎక్కువ పడుతుంది, ఆ వ్యవధిలో చిన్న రంగు అణువు పక్కకు జరిగేది 30 మైక్రోమీటర్ల మేరకే. అదే అణువు 100 మైక్రోమీటర్లు పోవడానికి సుమారు 10 సెకన్లు పడితే, కదలని నీటిలో ఒక సెంటీమీటరు పోవడానికి ఒక రోజు దాటుతుంది, ఎందుకంటే విసరణకు పట్టే కాలం దూరపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. మైక్రోఫ్లూయిడిక్స్‌లోని లాభమంతా ఈ వర్గంలోనే ఉంది. దూరాన్ని పదో వంతు చేస్తే, నిరీక్షణ నూరో వంతుకు పడిపోతుంది.

ఇదే ప్రయోగంలో నేర్పవలసిన రెండవ పాఠం లోతుకు సంబంధించినది. వెడల్పైన, తక్కువ లోతున్న కాలువలో ప్రవాహ నిరోధం లోతు ఘనానికి విలోమంగా మారుతుంది. లోతు 100 నుంచి 50 మైక్రోమీటర్లకు తగ్గితే, ప్రవాహం సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. టేపును ఒక చోట గట్టిగా, మరో చోట మెల్లగా నొక్కిన విద్యార్థికి రెండు పరికరాల్లో రెండు వేగాలు ఎందుకు వచ్చాయో అప్పుడు అర్థమవుతుంది. ఇక గాలి బుడగల సంగతి. కాలువలో చిక్కిన ఒక్క బుడగ పరికరాన్నే మూసివేయగలదు, కాబట్టి నీటిని ముందుగా కాచి చల్లార్చి వాడండి, కాలువను మొదట ఆల్కహాల్‌తో తడిపి ఆ తరువాతే నీటిని పంపండి. మా ప్రయోగశాలలో కొత్తగా చేరినవారి మొదటి నెల ఎక్కువగా బుడగలతోనే గడుస్తుంది. అది వృథా కాలమని నేను అనుకోను.

పీడీఎంఎస్ విషయానికి వస్తే, 1998లో హార్వర్డ్‌లోని జార్జ్ వైట్‌సైడ్స్ బృందం దానితో వేగంగా నమూనాలు చేసే పద్ధతిని ప్రచురించిన తరువాత, ప్రపంచంలోని వందలాది ప్రయోగశాలలు ఆ దారి పట్టాయి. పారదర్శకంగా ఉంటుంది, ఆక్సిజన్‌ను లోపలికి రానిస్తుంది, కాబట్టి కణాలను పెంచి సూక్ష్మదర్శిని కింద గమనించే పరిశోధనకు అది చాలా అనుకూలం. మూల పదార్థం పది పాళ్లు, గట్టిపరిచే ద్రవం ఒక పాలు బరువు ప్రకారం కలిపి, బుడగలు తీసివేసి, అచ్చుమీద పోసి, 65–70 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచితే గట్టిపడుతుంది. క్లీన్‌రూమ్‌లో, అంటే ధూళి చొరబడని ప్రత్యేక గదిలో, చేసే సిలికాన్ అచ్చుకు బదులు, గాజు పలకమీద పారదర్శక టేపును కోసి అతికించినా అచ్చుగా పనిచేస్తుంది. లేటెక్స్ చేతి తొడుగులతో మాత్రం ముట్టుకోకండి, వాటిలోని గంధకం గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చెడగొట్టి, తాకిన చోట జిగటగా మిగిలిపోయేలా చేస్తుంది. రెజిన్‌తో ముద్రించిన త్రీడీ అచ్చులు కూడా తగిన శుద్ధి లేకపోతే ఇదే ఇబ్బంది పెడతాయి. మరొక లోపం ఇంకా ముఖ్యమైనది. నీటిలో అంతగా కరగని చిన్న అణువులను, అంటే అనేక ఔషధాలను, పీడీఎంఎస్ తనలోకి పీల్చుకుంటుంది. అందువల్ల మీరు పంపిన మోతాదు, కణానికి చేరిన మోతాదు ఒకటి కాకపోవచ్చు. మీకు బాక్టీరియా కదలికలను అధ్యయనం చేసే ఆసక్తి ఉంటే చిన్న డబ్బా ఒకటి కొనండి. లేకపోతే ఈ ఏడాది ఆ ఖర్చు వద్దు.

మీ పరిస్థితికి సరైనది కాగితమే. దీపపు వత్తి నూనెను పైకి లాగడం మనం రోజూ చూస్తున్నదే, పరీక్షా పట్టీలో పంపు స్థానంలో ఉన్నది ఆ గుణమే. కాగితంలో మైనంతో గట్లు కట్టి ద్రవాన్ని ఒక దారిన నడిపించడం 1949లోనే ప్రచురితమైంది. 2007లో వైట్‌సైడ్స్ బృందమే కాగితం ముక్కమీద కాలువలు తీర్చి, కొన్ని మైక్రోలీటర్ల మూత్రంతో గ్లూకోజును, ప్రోటీనును పక్కపక్క గదుల్లో ఒకేసారి పరీక్షించి చూపిన తరువాత, ఇది ప్రత్యేక శాఖగా ఎదిగింది. మైనాన్ని అచ్చువేయడానికి అప్పట్లో అందరూ వాడిన ఘన సిరా ప్రింటర్ల తయారీ ఆగిపోయింది, వాటికోసం వెతకవద్దు. మీ పట్టణంలో శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ దుకాణానికి వెళ్లి, మీ నమూనాకు ఒక తెర చేయించుకోండి. తెరమీద మైనపు క్రేయాన్‌ను రుద్ది, కాగితాన్ని హాట్ ప్లేట్‌మీద 100 నుంచి 150 డిగ్రీల మధ్య ఒకటి రెండు నిమిషాలు ఉంచితే, మైనం కరిగి కాగితం మందమంతా దిగుతుంది. కిందికి దిగే మైనం పక్కలకు కూడా పాకుతుంది కనుక, కాలువను గీసేటప్పుడే మీకు కావలసినదానికన్నా వెడల్పుగా గీయాలి. ఎంత అన్నది మీ మైనం, మీ వేడి, మీ కాగితాన్నిబట్టి కొలిచి తెలుసుకోవలసిందే.

వాట్‌మన్ 1 అనే వడపోత కాగితం మందం 180 మైక్రోమీటర్లు. దానిమీద 5 మిల్లీమీటర్ల వ్యాసమున్న వృత్తం రెండు మూడు మైక్రోలీటర్ల ద్రవంతో నిండిపోతుంది. కాగితంలో ద్రవం ముందుకు సాగేకొద్దీ నెమ్మదిస్తుంది, పొడవు రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది. మొదటి సెంటీమీటరుకు 15 సెకన్లు పడితే, నాలుగు సెంటీమీటర్లకు 60 కాదు, 240 సెకన్లు. పైగా మన వేసవిలో తడి కాగితం ఆరుతూనే ఉంటుంది కాబట్టి, పొడవైన కాలువలో ద్రవం చివరికి చేరకుండానే ఆగిపోవచ్చు. కాలువలను పొట్టిగా ఉంచి, పైన పారదర్శక టేపుతో మూయండి. మైనపు గట్టు నీటిని ఆపుతుందే కాని ఆల్కహాల్‌ను, సబ్బు కలిసిన ద్రవాన్ని ఆపలేదు. కణాలను చీల్చడానికి డిటర్జెంటు కలిపిన ద్రావణాన్ని కాగితంమీద వేసి, గదులన్నీ ఒకదానిలోకి ఒకటి కారిపోవడం చూసి, తప్పు మా రూపకల్పనలో ఉందనుకొని నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.

మొదటి ప్రాజెక్టుగా రక్తాన్ని ఎంచుకోకండి. మీ జిల్లాకు తరతరాలుగా బాధ కలిగించిన ఫ్లోరైడ్‌ను ఎంచుకోండి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, భారతీయ ప్రమాణం కోరేది 1.0, ప్రత్యామ్నాయం లేనప్పుడు అనుమతించేది 1.5. జిర్కోనియం అనే లోహం, అలిజరిన్ రెడ్ ఎస్ అనే రంగు పదార్థం కలిస్తే ఎర్రని సమ్మేళనం ఏర్పడుతుంది. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియంను లాక్కొని రంగులేని సమ్మేళనంగా మారుతుంది, విడిపోయిన అలిజరిన్ ఆమ్ల మాధ్యమంలో పసుపుగా కనిపిస్తుంది. ఎరుపు నుంచి పసుపుకు మారడం కంటికి స్పష్టంగా తెలుస్తుంది, నమూనా సంక్రమణ భయం లేనిది, ఊరూరా దొరుకుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, మీ విద్యార్థులకు ఇది మంచి పరిశోధన ప్రశ్న అవుతుందని నా నమ్మకం. మీ జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన నల్గొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగిస్తారు. పటికలో అల్యూమినియం ఉంది. శుద్ధి చేసిన నీటిలో కొంత అల్యూమినియం మిగిలిపోతే, అది ఫ్లోరైడ్‌ను పట్టుకొని ఉంచుతుంది కాబట్టి, మన రంగు పరీక్ష ఉన్నదానికన్నా తక్కువ ఫ్లోరైడ్‌ను చూపుతుంది. అంటే శుద్ధి సరిగా జరిగిందా లేదా అని తెలుసుకోవలసిన చోటనే పరీక్ష తప్పుడు భరోసా ఇవ్వవచ్చు. సల్ఫేటు, ఫాస్ఫేటు కూడా ఫలితాన్ని పక్కకు లాగుతాయి. అందుకే స్వేదన జలంలో సోడియం ఫ్లోరైడ్ కరిగించి గీసిన ప్రమాణ రేఖతో తృప్తి పడకండి. వేర్వేరు బోర్ల నీటిని తెచ్చి, ఒక్కో నమూనాను మీ కాగితంతోను, నీటిలోని ఫ్లోరైడ్‌ను అంకెగా చూపే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతోను కొలిచి, రెండు అంకెలనూ పక్కపక్కన రాయించండి. మీ కళాశాలలో ఎలక్ట్రోడు లేకపోతే, ఉన్న ప్రయోగశాల సహకారం తీసుకోండి. ఆ పోలిక లేని ప్రాజెక్టు చూడటానికి బాగుంటుందే కాని ఎవరికీ ఉపయోగపడదు.

రంగును చదవడంలో మొబైల్ ఫోనును తొందరపడి నమ్మవద్దు. ఫోను కెమెరా వెలుతురునుబట్టి రంగులను తనంతట తానే సర్దుతుంది, కిటికీ దగ్గర తీసిన బొమ్మ, ట్యూబులైటు కింద తీసిన బొమ్మ ఒకే ఎరుపును రెండు ఎరుపులుగా చూపుతాయి. ఆఫీసులో కాగితాలకు వాడే మామూలు స్కానర్ ఎప్పుడూ ఒకే వెలుతురునిస్తుంది, దానితో మొదలుపెట్టండి. ఫోనే వాడవలసి వస్తే, ప్రతి పట్టీమీదా తెలుపు, నలుపు, రెండు మూడు ఎరుపు ఛాయలు ఉన్న సూచిక గడులను ముద్రించి వాటితో పోల్చండి. ప్రవాహం అభికర్మకాన్ని, అంటే రంగునిచ్చే రసాయనాన్ని, తోసుకుపోయి గది అంచున పేరుస్తుంది కాబట్టి, మధ్యలోని ఒక్క బిందువు రంగు కాకుండా గది మొత్తం సగటు రంగును లెక్కించండి.

ఇక ఆరోగ్య రంగం. అక్కడ ఈ పరికరాలు కొత్తవి కావు. ఆశా కార్యకర్తల చేతికి నిశ్చయ్ పేరుతో ప్రభుత్వం అందించిన గర్భ నిర్ధారణ కిట్, మలేరియా కిట్, కోవిడ్ కాలంలో ఇంటింటా చేరిన యాంటిజెన్ పట్టీ, ఒక మైక్రోలీటరు కూడా లేని రక్తపు బొట్టును తానే లోపలికి లాక్కొనే గ్లూకోమీటరు పట్టీ, ఇవన్నీ సరళమైన మైక్రోఫ్లూయిడిక్ పరికరాలే. గర్భ పరీక్ష పట్టీని ఒకదాన్ని విప్పి విద్యార్థులకు చూపండి. నమూనా పడే మెత్త, వెతుకుతున్న పదార్థాన్ని పట్టుకొనే యాంటీబాడీలు బంగారు నానోకణాలకు అంటించి ఎండబెట్టి ఉన్న మెత్త, గీతలున్న నైట్రోసెల్యులోజ్ పొర, చివర ద్రవాన్ని పీల్చే మెత్త వరుసగా కనిపిస్తాయి. ఎర్రగీత రంగు బంగారానిదే. రెండవ గీత, అంటే కంట్రోల్ గీత, ద్రవం చివరిదాకా నడిచిందని, బంగారు కణాల యాంటీబాడీ ఇంకా పనిచేస్తున్నదని మాత్రమే చెబుతుంది. నమూనా సరిగా తీశారని కాని, వెతుకుతున్న పదార్థం లేనే లేదని కాని అది చెప్పదు. వెతికే పదార్థం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు, అది బంగారు కణాల యాంటీబాడీలను, గీతమీది యాంటీబాడీలను విడివిడిగా నింపివేసి గీతను పలచబరచడం కూడా జరుగుతుంది.

రక్తంతో పని చేసేటప్పుడు ఎర్రకణాల రంగు మిగతా రంగులను కప్పివేస్తుంది కాబట్టి, ప్లాస్మాను వేరు చేయడమే మొదటి అడ్డంకి. 2017లో స్టాన్‌ఫర్డ్‌లోని మను ప్రకాశ్ బృందం, పిల్లలు గుండీ రంధ్రాల్లో దారం దూర్చి రెండు చేతులతో లాగి గిర్రున తిప్పే ఆటను ఆధారం చేసుకొని, కాగితపు బిళ్లను నిమిషానికి 1,25,000 చుట్ల వేగంతో తిప్పి, కరెంటు లేకుండానే నిమిషమున్నరలో ప్లాస్మాను విడదీయగలిగింది. ఆ భౌతికశాస్త్రాన్ని తరగతిలో బోధించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. రక్తం వాడకుండా, రంగు నీటితోనే చేయించండి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రక్తవర్గాన్ని కాగితంమీద గుర్తించిన తీరు కూడా ఎంతో సరళమైనది. యాంటీబాడీతో గుంపు కట్టిన ఎర్రకణాలు కాగితపు పోగుల్లో చిక్కుకుపోతాయి, గుంపు కట్టనివి ఉప్పునీటితో కొట్టుకుపోతాయి. అయితే మన ప్రాంతంలో దేనికైనా రక్తహీనతను లెక్కలోకి తీసుకోక తప్పదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారేనని ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. ఎర్రకణాలు తక్కువున్న రక్తం కాగితంలో వేగంగా పాకుతుంది, అదే బొట్టులో ప్లాస్మా ఎక్కువ ఉంటుంది. ఆరోగ్యవంతులైన విద్యార్థుల రక్తంతో సరిచూసిన పట్టీ, ఎవరికి ఎక్కువ అవసరమో వారి దగ్గరే తప్పు అంకె ఇస్తుంది.

ఆరోగ్య కేంద్రంలో వాడించవచ్చా అన్న ప్రశ్నకు, రోగికి చెప్పే ఫలితంగా ఇప్పుడు వద్దు అన్నదే నా స్పష్టమైన సమాధానం. మనుషుల నమూనాలతో పరిశోధన చేయాలన్నా సంస్థాగత నైతిక కమిటీ అనుమతి కావాలి, రోగ నిర్ధారణకు వాడే కిట్లు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి. నిబంధనలను పక్కనబెట్టినా లెక్క చూడండి. వెయ్యి మందిలో పదిమందికి ఉన్న వ్యాధికి, ఉన్నవారిలో 95 శాతాన్ని పట్టుకొని, లేనివారిలో 95 శాతానికి సరిగా లేదని చెప్పే పరీక్షను వాడామనుకుందాం. ఉన్నవారిలో తొమ్మిది పదిమంది బయటపడతారు, లేనివారు 990 మందిలో దాదాపు 50 మందికి కూడా ఉన్నట్టు చూపుతుంది. అంటే వ్యాధి ఉందని ఇంటికి వెళ్లిన ప్రతి ఆరుగురిలో అయిదుగురు అనవసరంగా కుమిలిపోయేవారే. 95 అన్న అంకె విద్యార్థుల నివేదికలో ఎంత గొప్పగా కనిపించినా, ఆ అయిదుగురి వైపు నుంచి దానిని చూడాలి.

వాడేవారికి సరళంగా ఉండేది చేసేవారికి సరళంగా ఉండదని గ్రహించడానికి ట్రూనాట్ మంచి ఉదాహరణ. బెంగళూరు బిగ్‌టెక్ ల్యాబ్స్‌లో రూపుదిద్దుకొని, గోవాలోని మోల్‌బయో డయాగ్నస్టిక్స్ తయారుచేస్తున్న ఈ పరికరం చిన్న చిప్‌లో పీసీఆర్ చేస్తుంది, అంటే క్రిమి డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచి గుర్తిస్తుంది, బ్యాటరీతో నడుస్తుంది, క్షయ నిర్ధారణకు దీన్ని వాడవచ్చని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అక్కడికి చేరడానికి ఏళ్ల తరబడి కృషి జరిగింది. మీరు ఈలోగా చేయదగిన పని వేరే ఉంది. మీ ఆరోగ్య కేంద్రంలోని ల్యాబ్ టెక్నీషియన్‌ను, ఏఎన్ఎంను కళాశాలకు పిలిచి, ఇప్పటికే వాడుతున్న పట్టీలతో వారు పడుతున్న ఇబ్బందులను చెప్పించండి. పట్టీని ఎంతసేపటికి చదువుతారు, లేత గీతను ఏమని రాస్తారు, కిట్లను ఎక్కడ ఉంచుతారు అన్న మూడు ప్రశ్నలతోనే విద్యార్థులకు ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది.

కిట్లను ఎక్కడ ఉంచుతారన్న ఆ మూడవ ప్రశ్న నా అనుభవంలో అన్నిటికన్నా బరువైనది. చాలా కిట్లమీద 30 డిగ్రీలకు మించకుండా నిల్వ చేయమని రాసి ఉంటుంది, మే నెలలో మన ఊళ్లలో ఇనుప బీరువా లోపలి వేడి దానిని ఎంతో దాటుతుంది. మేము చేసిన ఒక ఎంజైమ్ పట్టీ ఏసీ గదిలో నెలల తరబడి చక్కగా పనిచేసి, ఒక గ్రామీణ కేంద్రంలో రెండు వారాలకే రంగు చూపడం మానేసింది. ఎంజైమ్‌తోపాటు ట్రెహలోజ్ అనే చక్కెరను కలిపి ఎండబెట్టి, సిలికా జెల్‌తో అల్యూమినియం సంచిలో మూసిన తరువాత కాని ఆ పట్టీ వేసవిని తట్టుకోలేదు. మీ ఫ్లోరైడ్ కాగితాలకు కూడా ఇప్పటినుంచే ఈ పరీక్ష పెట్టండి. ఒకే రోజు చేసిన కాగితాల్లో ఒక వంతును ఫ్రిజ్‌లో, ఒక వంతును గదిలో, ఒక వంతును ఓవెన్‌లో 45 డిగ్రీల వద్ద ఉంచి, వారానికొకసారి ఒక్కో చోటినుంచి పది తీసి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న అదే ప్రమాణ ద్రావణంతో చదివించి, తేదీ వేసి, చెడినవాటితో సహా అన్నిటినీ నోటుపుస్తకంలో అతికించమనండి.